బండి వెనక సాగే నీడ

నలుపంటే ఇదీ, చూడవే, అని మా ఆయన ఆ తెర ముందు నిలబడి మురిసిపోతున్నాడు, తను వండిన కూర రుచి చూపిస్తున్నట్టు. ఆసుపత్రి క్యాంటీన్‌లో ఏళ్ళ తరబడి గరిటె తిప్పిన మనిషికి ఎక్కడికెళ్ళినా అదే ధోరణి, ఇది చూడు, అది చూడు, ఎలా ఉందో చెప్పు. చూస్తున్నానయ్యా, కళ్ళున్నాయిగా, అన్నాను, అనేసి నాలుక కరుచుకున్నాను. నెల రోజులుగా ఆ మాట నా నోట్లోకి రాకుండా కాపలా కాస్తున్నాను, ఇవాళ ఈ మానిటర్ల షాపులో, ఇంత వెలుతురులో, గోడ నిండా ఇన్ని తెరల మధ్య, దానంతటదే జారింది. ఆయన పట్టించుకోలేదు. ఆయనకి కావలసింది నలుపు. సినిమాలో రాత్రి వస్తే రాత్రిలాగే ఉండాలట, బూడిద పూసినట్టు ఉంటే ఆ సినిమా ఎందుకు, పడుకోవచ్చు కదా అంటాడు. మా బుడ్డదానికి కావలసింది వేగం. పేరుకి బుడ్డది, నాకంటే జానెడు పొడుగు, కాలేజీలో చేరింది, అయినా ఇంట్లో ఆ పేరు వదల్లేదు. గేము ఆడేటప్పుడు బొమ్మ తడబడకూడదట, సెకనుకి నూట నలభై సార్లన్నా మారకపోతే అది మానిటరే కాదట. తండ్రికి సినిమా, కూతురికి గేము, రెండూ ఒకే తెరలో, అదీ మా చేతికందే ధరలో, ఇంకేం, అరగంట నుంచి ఇద్దరూ కొట్టుకుని కొట్టుకుని చివరికి నా వైపు తిరుగుతారు, నువ్వే చెప్పు అంటారు. నేనేం చెప్పను. నాకు ఇవాళ ఏదీ కొనాలని లేదు. ఇంటికెళ్ళిపోదాం అనాలని ఉంది. ఏ మొహం పెట్టుకుని అనను, పాతది పోయినప్పుడు నేనే కదా కొందాం కొందాం అని ఊరించింది.

రేపు పొద్దున డిపోలో వైద్య పరీక్ష. నాలాగా సిటీ బస్సు నడిపేవాళ్ళకి ఏటా ఒకసారి ఉంటుంది, రక్తపోటు, చెవులు, కాళ్ళూ చేతులూ, అవన్నీ అయ్యాక చివర్లో కుర్చీలో కూర్చోబెట్టి ఒక కన్ను మూయించి అక్షరాల బోర్డు చదివిస్తారు. నేను పాసవుతాను. అందులో అనుమానమే లేదు, నా ఏడుపంతా అదే. ఆ బోర్డు నేను చేరినప్పటి నుంచీ అదే బోర్డు, కింద మూల చిరిగితే టేపు వేశారు గాని మార్చలేదు. దాని అడుగు వరస మా డిపోలో కంఠతా రాని డ్రైవరు లేడు. నాకు నేర్పింది పొట్టన్న, గేరు మార్చడం నేర్పిన రోజే నేర్పాడు, ఇది కూడా పెట్టుకో చెల్లెమ్మా, ఎప్పటికైనా పనికొస్తుంది, అని, ఎవరో చూస్తారన్నట్టు టైరు పక్కన కూర్చోబెట్టి. అప్పుడు నా చూపుకి ఏం లోటు, గోడ మీద బల్లి కాళ్ళ వేళ్ళు లెక్కపెట్టగలను, అయినా నేర్చుకున్నాను, అందరూ నేర్చుకుంటున్నారు కదా అని. తర్వాత వచ్చినవాళ్ళకి నేనూ నేర్పాను, నవ్వుతూ నేర్పాను. ఇప్పుడు బట్టలు ఆరేస్తున్నా, గిన్నెలు తోముతున్నా ఆ అక్షరాలే నోట్లో ఆడుతున్నాయి, చిన్నప్పటి ఎక్కాల్లాగా, వద్దన్నా పోవు. మా దగ్గర నడుము నొప్పి అనొచ్చు, మూలశంక అనొచ్చు, మొగుడితో పడటం లేదు అని కూడా అనొచ్చు, కళ్ళు అని మాత్రం అనకూడదు. అన్నామంటే సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది, మర్నాటికి సూపర్‌వైజరుకి తెలుస్తుంది. పొట్టన్న కళ్ళజోడు కొనుక్కోవడానికి ఊరి ఆ చివరికి వెళ్ళాడు, మనవాళ్ళు ఎవరూ తిరగని వీధికి. తెచ్చి భోజనం డబ్బాలో దాచుకుంటాడు. పేపరు చదవడానికే తల్లీ, దూరం బ్రహ్మాండంగా కనిపిస్తుంది అని నాకు ఒట్టేసి చెప్పాడు. నమ్మాను. నమ్మకపోతే ఆయన వెనక బస్సులో కూర్చునే జనం గురించి ఆలోచించాలి, అది ఎవరికి కావాలి.

ఇంతకీ దీనంతటికీ మూలం ఒక మానిటరే. మా పాతది ఒకనాడు టప్పుమని పోయింది, బుడ్డది దాని ముందు కూర్చుని ఇంట్లో ఎవరో పోయినట్టు మొహం పెట్టింది. అప్పుడు మా ఆయన పనిచేసే క్యాంటీన్‌లో క్యాషియరు, ఆవిడ ఇల్లు మారుతోంది, సామాను సర్దుకునేదాకా నాది మీ దగ్గర ఉంచుకోండి, ఊరికే అట్టపెట్టెలో పడుంటుంది కదా అని తనది పంపింది. అబ్బో, అది వచ్చిన రోజు ఇంట్లో సంబరం చూడాలి. ఇంత పెద్దది, అంచులే లేవు, ఆవిడ బాగా డబ్బు పోసి కొన్నది. మా ఆయన దీపాలార్పి ఏదో సినిమా పెట్టి, చూశావా నలుపు, చూశావా, అని ఆ రోజు మొదలుపెట్టిన పాట ఇవాల్టికీ ఆపలేదు. నేనూ కూర్చున్నాను. నాకు సినిమాల పిచ్చి లేదు గాని కార్ల పందెం గేము అంటే మాత్రం ప్రాణం. పొద్దంతా స్టీరింగు తిప్పింది చాలక ఇంటికొచ్చి మళ్ళీ ఇదా అని అందరూ నవ్వుతారు, నవ్వనీ, బస్సులో స్టాపు స్టాపుకీ ఆగాలి, గంట కొడితే ఆగాలి, ఎవరో చెయ్యెత్తితే ఆగాలి, ఇక్కడ ఆగనక్కర్లేదు, ఆ సుఖం వాళ్ళకేం తెలుసు. ఆ సాయంత్రం రాత్రి రోడ్డు మీద పందెం పెట్టుకున్నాం, నేనూ బుడ్డదీ. సొరంగంలోకి వెళ్ళగానే నా ముందున్న కారు వెనక ఒక నల్లటి నీడ సాగింది, తడి రంగు మీద వేలు పెట్టి లాగినట్టు. కారు మలుపు తిరిగింది, నీడ ఆలస్యంగా తిరిగింది. తెర తుడిచాను. కళ్ళు తుడుచుకున్నాను. లేచి మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నాను, మళ్ళీ అదే. పక్కనే మా ఆయన, ఎంత బాగుందే, అద్దంలాగుంది, అంటున్నాడు. బుడ్డది ఎప్పటిలాగే ఏవో అర్థంకాని మాటలు సణుగుతోంది, దాని గేము గోల నేను చెవికెక్కించుకోను. అంత ఖరీదైన తెర, అందరూ మెచ్చుకున్న తెర, అందులో తప్పెలా ఉంటుంది. తప్పు నాలోనే. చీకట్లో కదిలేవి అలికినట్టు కనిపిస్తున్నాయంటే, చూపు పోవడం చీకటితోనే మొదలవుతుందని నాకు తెలుసు కదా, మా నాన్నకి చీకటితోనే మొదలైంది కదా.

నాన్న లారీ నడిపేవాడు. నాకు బాగా చిన్నప్పుడు అమ్మ ఇంటి దగ్గరే ఉండేది, తర్వాత ఉన్నట్టుండి నాన్నతో లారీలో వెళ్ళడం మొదలుపెట్టింది. నన్ను అత్త దగ్గర వదిలి సాయంత్రం ఎక్కితే మర్నాడు ఏ వేళకో దిగేది, మొహం పీక్కుపోయి, గొంతు బొంగురుపోయి. వీధిలో ఆడవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు, మొగుణ్ణి వదిలి ఉండలేదమ్మా మహాతల్లి అని. నాకు గొప్పగా ఉండేది, మా అమ్మానాన్నలకి అంత ప్రేమ అని స్నేహితురాళ్ళకి చెప్పుకునేదాన్ని. ఒకసారి మారాం చేస్తే నన్నూ తీసుకెళ్ళారు. ఇద్దరి మధ్య దుప్పటి కప్పుకుని పడుకున్నాను. అమ్మ నిద్రపోలేదు. మెల్లగా, పాట పాడినట్టు చెబుతూనే ఉంది, ముందు మలుపు, ఎడమకి, ఇంకా, ఇంకా, చాలు, సైకిలు, ఒకతను, కుడివైపు గుంట, బండి వస్తోంది ఎదురుగా, లైటు ఒకటే ఉంది, లారీయే, పక్కకి తియ్యి. నాన్న ఒక్క మాటా అనకుండా ఆమె చెప్పినట్టల్లా తిప్పుతున్నాడు. కబుర్లు చెప్పుకుంటున్నారనుకుని నిద్రపోయాను. ఆ తర్వాత ఒకసారి అమ్మకి జ్వరం వచ్చింది, మంచం దిగలేకపోయింది. నాన్న ఓనరుకి కబురు పంపాడు, లారీ చెడిపోయింది అని. లారీ మా ఇంటి ముందే ఉంది, దాని కేబిన్‌లో ఎక్కి ఆడుకుంటున్నాను, నిక్షేపంలా ఉంది. లోపలికి వెళ్ళి, నాన్నా, లారీకి ఏమీ కాలేదు కదా, అన్నాను. ఆయన నా మొహం చూసిన చూపు నేను ఈ జన్మలో మర్చిపోలేను. ఎవరికీ ఏమీ కాలేదు, ఎవరినీ గుద్దలేదు, దేవుడు చల్లగా చూశాడు అని అమ్మ ఇప్పటికీ అంటుంది. కొన్నాళ్ళకి ఆయనే మానేసి గోదాములో బస్తాలు దింపించే పనికి కుదిరాడు. అమ్మని నేను తప్పు పట్టను. కానీ ఆ లారీలో ఉన్నది బస్తాలు. నా బస్సులో ఉండేది మనుషులు.

అందుకే మా ఆయనకి చెప్పలేదు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు, ముందు ఏం కాదులే అంటాడు, నేను నమ్మేస్తాను, నమ్మాలనే ఉంటుంది కదా ఎవరికైనా. ఆ తర్వాత ఒక రోజు ఏదో పనున్నట్టు నా బస్సెక్కి, మా అమ్మలాగే, ముందు సీట్లో కూర్చుంటాడు. కూర్చునే రకమే ఆయన. అప్పుడు నేను వద్దనగలనా. అదే వద్దనుకున్నాను. మోకాలి నొప్పని చెప్పి సాయంత్రం డ్యూటీలు మార్పించుకున్నాను, పొద్దుటి వెలుగులోనే నడుపుతున్నాను, అదీ నత్తలా. వెనకనుంచి జనం తిడుతున్నారు, ఏం ఆంటీ, దిగి నడిచి వెళ్ళమంటావా, అని. నడవరా నాయనా, నడిస్తే నాకే మంచిది అనుకున్నాను. వాన పడితే వైపరు వెనక గీత సాగినా గుండె దడ, అద్దంలో ఎవరో గబుక్కున కదిలినా దడ. సాయంత్రం బాల్కనీలో నిలబడి ఒక కన్ను మూసి వీధి దీపాలు చూడటం, మళ్ళీ రెండో కన్ను మూసి చూడటం. ఎదురింటావిడ నేను తనకి కన్ను కొడుతున్నాననుకుందో ఏమో, తలుపేసుకుంది. దీపాలు బాగానే కనిపిస్తున్నాయి, కానీ దీపాలు కదలవు కదా, కదిలేవాటితోనే కదా నా గొడవ, అని మళ్ళీ భయం. ఆ భయం ఎంత మాయదారిదంటే బాగా కనిపించినదాన్ని కూడా నమ్మనివ్వదు. అలాగని రోడ్డు మీద చీకట్లో పరీక్షించి చూసుకుందామా అంటే ధైర్యం చాలలేదు, చీకటి పడే వేళకి ఇంట్లో దూరేదాన్ని. రేపు ఆ కుర్చీలో కూర్చుంటాను, అడుగు వరస గడగడా చెప్పేస్తాను, డాక్టరు తల ఊపి సంతకం పెడతాడు, ఇంకో ఏడాది. లేదా నోరు తెరిచి, డాక్టరుగారూ, ఆ బోర్డు నాకు కంఠతా వచ్చు, నన్ను సరిగ్గా చూడండి, అంటాను. అంటే ఇంతే సంగతులు, ఆఫీసులో టికెట్ల కట్టలు సర్దే పని ఇస్తే ఇస్తారు, జీతం సగం. అలాంటిది ఇవాళ కొత్త తెర కొనడమేమిటి, మతిలేనితనం కాకపోతే. డాక్టరుతో ఆ మాట అనాలనే నిన్న రాత్రి అనుకున్నాను. పొద్దున లేవగానే వద్దనుకున్నాను. బస్సు దిగి ఈ షాపు మెట్లెక్కుతుంటే మళ్ళీ అనాలనుకున్నాను. ఏదీ తేలలేదు.

వచ్చే నెల చూద్దామా, అన్నాను. తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒక్కసారే తిరిగారు, ఇంతసేపూ పోట్లాడుకున్నవాళ్ళు నా మీదకి మాత్రం ఒక్కటైపోయారు. అమ్మా, క్యాషియర్ ఆంటీ తనది ఇచ్చెయ్యమని రెండుసార్లు అడిగింది, ఏం బాగుంటుంది, అంది బుడ్డది. ఏమే, ధర తగ్గింది ఇప్పుడే కదా, వచ్చే నెల ఎవడిస్తాడు, అన్నాడు ఆయన. షాపావిడకి నా వయసే ఉంటుంది, పొద్దుట్నుంచీ నిలబడి ఉందేమో, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటోంది, మాలాంటి వాళ్ళని ఎంతమందిని చూసిందో. ఈ అరలో మా ధరకి అందేవి రెండే అని ముందే తేల్చేసింది. రెండూ ఒకటే సైజు, ఒకటే వేగం, ఒకటే ధర, లోపలి పలకలే వేరు. ఎడమవైపుది వీఏ అట, నలుపు చిక్కగా వస్తుంది, సార్‌కి నచ్చింది అదే. కుడివైపుది ఐపీఎస్ అట, నలుపు కొంచెం పలచన, కానీ కదిలేవి శుభ్రంగా ఉంటాయి, పాపకి నచ్చింది అది. రెండు గుణాలూ ఉన్నది పైఅరలో ఉంది, చూపించమంటారా అని ఆవిడ అడిగితే మా ఆయన ధర చీటీ చదివి, వద్దులెండమ్మా, దాన్ని అక్కడే ఉండనివ్వండి, అన్నాడు. బుడ్డదానికి ఓపిక పోయింది. ఇలా కాదు నాన్నా, చూపిస్తా, కళ్ళతో చూస్తే గాని నమ్మవు నువ్వు, అని సంచీలోంచి పెన్‌డ్రైవ్ తీసింది. మేం ఆడే ఆ రాత్రి పందెం, అదే సొరంగం, వీడియో తీసి తెచ్చింది. షాపావిడ రెండు తెరలకీ కలిపింది. ఆ సొరంగం నాకు ఇక్కడ, ఇంతమందిలో, చూడాలని లేదు. పక్కకి తిరుగుదామనుకున్నాను. తిరగలేదు, ఎందుకో.

ఎడమ తెరలో కారు సొరంగంలోకి దూరింది. వెనక నీడ సాగింది. అదే, అచ్చం అదే, తడి రంగు మీద వేలు లాగినట్టు. సరే, ఉంది, ఎక్కడికెళ్ళినా నాతోనే వస్తుంది, కళ్ళు కదా, ఇంట్లో వదిలి రాలేం కదా, అనుకుంటూ కుడి తెర వైపు చూశాను. అదే కారు. అదే సొరంగం. నీడ లేదు. కారు ఎక్కడ అయిపోతుందో అక్కడ అయిపోతోంది, వెనక గోడ గోడలాగే ఉంది. ఎడమకి చూశాను, ఉంది. కుడికి చూశాను, లేదు. కుడి కన్ను మూసి చూశాను, ఎడమ కన్ను మూసి చూశాను, ఎడమ తెరలో ఉంది, కుడి తెరలో లేదు. ముందుకి వెళ్ళి ముక్కు తగిలేంత దగ్గరగా చూశాను, వెనక్కి వచ్చి చూశాను, ఎవరినో తొక్కాను, సారీ అన్నాను, మళ్ళీ చూశాను. ఒక్క జత కళ్ళు, రెండు తెరలు. నా కళ్ళకి జబ్బయితే రెంటిలోనూ ఉండాలి కదా. ఉండాలా? ఉండాలి. ఏమో, నాకు ఒక్కదానికే అలా ఉందేమో, మిగతావాళ్ళకి రెండూ శుభ్రంగానే ఉన్నాయేమో. అడగాలి. షాపావిడ చెయ్యి పట్టుకున్నాను, ఆవిడ ఉలిక్కిపడింది. అమ్మా, మీకు కనిపిస్తోందా, అన్నాను. ఏది మేడమ్, అంది. అంతే. ఏది మేడమ్ అంటోంది, ఆవిడకి ఏమీ కనిపించడం లేదు. అది, ఈ ఎడమ దాంట్లో, బండి వెనక, సాగుతోంది చూడండి, నల్లగా, అని వేలు పెట్టి చూపించాను. ఓ, అదా, అంది ఆవిడ, అందరికీ కనిపిస్తుంది మేడమ్. వీఏ కదా, ఈ రకం తెరలు చాలామటుకు చీకటి సీన్లలో అలాగే ఈడుస్తాయి.

అందరికీ కనిపిస్తుంది. ఆ మాట మళ్ళీ అనండి, అన్నాను. ఆవిడ నన్ను అదోలా చూసి మళ్ళీ అంది. అందరికీ కనిపిస్తుంది, మేడమ్. అక్కడ ప్రింటర్ల డబ్బాలు పేర్చి ఉంటే ఒక డబ్బా మీద కూలబడ్డాను. ఒంట్లో ఏదో లేచి పైకి వస్తోంది, నవ్వో మరొకటో, ఆపుదామన్నా ఆగదే. బతుకు జీవుడా. నెల రోజులు. నెల రోజులు అన్నం సయించక, నిద్ర పట్టక, ఎదురింటావిడతో సహా అందరికీ కన్ను కొట్టుకుంటూ. ఇంట్లో ఆ దయ్యాన్ని బల్ల మీద పెట్టుకుని, దాన్ని వదిలేసి నన్ను నేను అనుమానించుకున్నాను. బుడ్డది నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది, ఏమైందమ్మా, అని. ఏమీ లేదే, ఇంట్లో ఉన్నది కూడా ఇలాగే ఈడుస్తోందా, అన్నాను. అయ్యో రామా, అంది అది, అదీ వీఏనే కదా, నెల నుంచీ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తున్నా కదమ్మా, గోస్టింగ్ గోస్టింగ్ అని, ఆ నీడని అలాగే అంటారు, ఆ సొరంగంలో నాకు ముందు బండే సరిగ్గా కనపడి చావట్లేదని, ఎవరన్నా వింటే కదా ఈ ఇంట్లో. చెప్పింది. నిజమే, చెప్పింది. రోజూ చెప్పింది. ఆ మాట అర్థం కాక, అడిగితే అరగంట క్లాసు పీకుతుందని నేనే వినలేదు. దాని నెత్తి మీద ఒకటి మొట్టి, ఆ చేత్తోనే దగ్గరికి లాక్కున్నాను. అమ్మా, అందరూ చూస్తున్నారు, అంది. చూడనీ. బాగా చూడనీ అందరినీ.

లేచి నిలబడ్డాను. కుడిది, అన్నాను. మా ఆయన మొహం మాడ్చుకున్నాడు. అది కాదే, ఆ నలుపు చూడు ఒక్కసారి, ఆ చిక్కదనం, అని మొదలుపెట్టాడు. చూశానయ్యా, నెల రోజులు చూశాను ఆ నలుపు, నాకు చాలు, అన్నాను. షాపావిడకి ఆయన మీద జాలేసినట్టుంది, సార్, సినిమా చూసేటప్పుడు గది మొత్తం చీకటి చెయ్యకండి, తెర వెనక గోడకి చిన్న దీపం ఒకటి పెట్టుకోండి, ఇందులో కూడా నలుపు నలుపులాగే ఉంటుంది, అంది. నిజమా, అన్నాడు ఆయన. నా ఇంట్లో అంతే సార్, అంది. అప్పుడు కాస్త తేరుకున్నాడు, పడకగదిలో ఉన్న బుల్లి దీపం సరిపోతుందా, గోడకి ఎంత దూరంలో పెట్టాలి, తెల్లదా పచ్చదా, అని ప్రశ్నలు మొదలుపెట్టాడు, ఇప్పుడు ఇంటికెళ్ళాక ఆ దీపం గురించి ఎన్నాళ్ళు వినాలో. కాగితాలు రాస్తున్నంతసేపూ నేను గోడ నిండా ఉన్న తెరలన్నీ ఒక్కొక్కటే చూస్తూ నిలబడ్డాను. చేపలు ఈదుతున్నాయి, ఎవరో బంతి తంతున్నారు, పూలు విచ్చుకుంటున్నాయి, అన్నీ శుభ్రంగా, ఎక్కడివక్కడ. రేపు మాత్రం ఆ బోర్డు చదవను. డాక్టరుతో చెబుతాను, అది మాకందరికీ నోటికి వచ్చు, ఇంకోటి పెట్టండి అని. డిపోలో నన్ను బతకనివ్వరు, అందరికంటే ముందు తిట్టేది పొట్టన్నే. తిట్టనీ. తిట్టాక భోజనం డబ్బా తెరిచి ఆ కళ్ళజోడు నేనే తీసి ఆయన ముక్కు మీద పెడతాను.

బయటికి వచ్చేసరికి చీకటి పడింది. బుడ్డది సంచీ మర్చిపోయానని మళ్ళీ లోపలికి పరిగెత్తింది. మా ఆయన పెట్టె రెండు చేతుల్తో గుండెకి హత్తుకుని నిలబడ్డాడు, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు. రోడ్డు నిండా బండ్లు. నెల తర్వాత చీకట్లో రోడ్డు పక్కన నిలబడ్డాను. చూశాను. స్కూటరు వెళ్ళింది, వెళ్ళిపోయింది. వ్యాను వెళ్ళింది. ఒక ముసలాయన సైకిల్ మీద, లైటు కూడా లేదు, ఆయన చొక్కా గళ్ళు నాకు కనిపిస్తున్నాయి. ఎవరి వెనకా ఏమీ సాగడం లేదు. అప్పుడు చెప్పాను. ఏమయ్యా, నా కళ్ళు పోతున్నాయనుకున్నాను, అన్నాను. ఆయన పెట్టె మీంచి నా వైపు చూశాడు. మొదటి నుంచీ అంతా చెప్పాను, సొరంగం, నీడ, మోకాలి అబద్ధం, నాన్న సంగతి, రేపటి పరీక్ష. భయంతో చచ్చిపోయానయ్యా, అన్నాను. ఆ మాట పెళ్ళైనప్పటి నుంచీ ఆయనతో ఎప్పుడన్నా అన్నానా అంటే గుర్తు లేదు.

ఆయన పెట్టె కింద పెట్టేశాడు, ఆ దారిలో, జనం నడిచే చోట. కోపం వచ్చింది ఆయనకి, ఇంత కోపం రావడం నేను చూడలేదు. ఇంట్లో మనిషినే, పక్కన పడుకునేవాణ్ణి, నాకు చెప్పవా, అన్నాడు. చెబితే ఏం చేసేవాడివి, అన్నాను. ఏదో ఒకటి చేసేవాణ్ణి. అదే కదా నా భయం. జనం పెట్టెని తప్పుకుని నడుస్తున్నారు, ఒకాయన విసుక్కున్నాడు. నిజంగా కళ్ళే అయ్యుంటే, అన్నాడు గొంతు తగ్గించి. రేపే స్టీరింగు వదిలేసేదాన్ని. ఆ తర్వాత? అన్నాడు. ఆ తర్వాత ఏముంది, మీ క్యాంటీన్‌కి వచ్చి ఉల్లిపాయలు తరిగేదాన్ని, అన్నాను. నీ నోటికి నా వంటవాళ్ళు వారం తిరక్కుండా పారిపోతారే, అన్నాడు, అంటూనే గబుక్కున రోడ్డు వైపు తిరిగిపోయాడు. అక్కడ దీపం లేదు. భుజాలు కదులుతున్నాయి. పక్కనుంచి వెళ్ళేవాళ్ళు నవ్వుతున్నాడనుకుని ఉంటారు, ఆ చీకట్లో ఎవరైనా అలాగే అనుకుంటారు. నాకు బాగా కనిపిస్తోంది. ఏడుస్తున్నాడు.